కావలివాడి జీతం

1

మా ఊళ్ళో ఒక నూనె మిల్లు వుండేది. అది ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. అన్నదమ్ములు ముగ్గురూ డైరెక్టర్లు. బావమరుదులూ, మేనల్లుళ్ళూ, చుట్టుపక్కల రైతులు ఒకరిద్దరూ వాటాదారులు. 1970ల చివర నేను ఆ మిల్లు లెక్కలు తనిఖీ చేసే ఆడిటరుగారి దగ్గర ఆర్టికల్డ్ క్లార్కుగా పనిచేశాను. ఏటా వేసవిలో నన్నూ, నాతోపాటు ఇంకొక కుర్రవాణ్ణీ మిల్లుకు పంపేవారు. చిట్టా, ఆవర్జా, ఓచర్లు ముందేసుకొని, ఆకుపచ్చ పెన్సిలుతో టిక్కులు పెడుతూ పదిరోజులు కూర్చునేవాళ్ళం. పదకొండో రోజున ఆడిటరుగారు స్వయంగా వచ్చేవారు. అప్పుడు ఫీజు బేరం మొదలయ్యేది.

"ఒక్క సంతకానికి ఇంత ఖరీదా, ఆడిటరుగారూ?" అనేవాడు పెద్ద డైరెక్టరు, నవ్వుతూనే.

ఆడిటరుగారికి ఒక పట్టుదల వుండేది. మిల్లు ఖాతాలో నిల్వ ఎంత వుందో తెలపమని బాంకుకు రాసే ఉత్తరాన్ని ఆయన మిల్లు గుమాస్తా చేతికి ఇవ్వనిచ్చేవారు కాదు. దాన్ని నేనే తీసుకెళ్ళి తపాలా పెట్టెలో వెయ్యాలి. జవాబు మిల్లుకు కాకుండా మా ఆఫీసుకు రావాలి. బాంకేమో మిల్లుకు ఎదురుగానే వుంది. రోడ్డు దాటి అడిగితే తెలిసిపోయేదానికి తపాలా బిళ్ళ దండగ కదా అని నేనొకసారి అన్నాను. "ఒరే అబ్బాయ్, ఈ పనిలో మనం పెట్టే అసలు ఖర్చు ఆ బిళ్ళేరా. తక్కినదంతా పెన్సిలు ఖర్చు" అన్నారాయన. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

మూడో ఏడు ఆయన గోడౌన్ తలుపు తీయించారు. వేరుశనగ బస్తాలు ముందు వరసల్లో కప్పుదాకా వున్నాయి. వెనక నేల కనిపించింది. ఆ బస్తాల మీదే బాంకు అప్పు ఇచ్చివుంది. ఆయన ఆ సంగతి తన నివేదికలో రాశారు. మరుసటి సర్వసభ్య సమావేశంలో, చట్టం చెప్పిన నోటీసులన్నీ చెప్పినట్టే ఇచ్చి, బావమరుదులూ మేనల్లుళ్ళూ చేతులెత్తి కొత్త ఆడిటరును నియమించుకున్నారు. కొత్తాయన ఫీజు తక్కువ.

తరువాత నేను కామర్సు లెక్చరరునై ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పాను. ఆడిటరు స్వతంత్రుడని పాఠ్యపుస్తకంలో వున్న వాక్యం చదివినప్పుడల్లా నాకు ఆ చేతులెత్తిన దృశ్యమే కళ్ళముందు కదిలేది. ఈ వ్యాసం ఆ వాక్యం గురించే. కంపెనీల లెక్కలను చట్టం ఎంత కట్టుదిట్టం చేస్తే ఆడిట్ ఖర్చు అంత పెరుగుతుందనీ, ఆ ఖర్చు పరిశ్రమకు మోయరాని భారమనీ యాజమాన్యాలు వందేళ్ళకు పైగా మొరపెట్టుకుంటున్నాయి. ఖర్చు పెరిగిన మాట నిజం. ఎవరికెంత పెరిగింది, ఆ డబ్బు దేన్ని కొన్నది, దేన్ని కొనలేకపోయింది అన్నది చరిత్రను అడిగి తెలుసుకోవాలి.

2

కథ ఇంగ్లండులో మొదలవుతుంది. 1844 నాటి జాయింట్ స్టాక్ కంపెనీల చట్టం, నమోదైన కంపెనీలు లెక్కలు రాయాలనీ, ఆస్తి అప్పుల పట్టీ వాటాదారుల ముందు పెట్టాలనీ, ఆడిటర్లను నియమించుకోవాలనీ శాసించింది. అయితే ఆ ఆడిటరు లెక్కలు తెలిసినవాడై వుండాలని చట్టం అనలేదు. సాధారణంగా వాటాదారులలోనే ఒకరు ఆ పని చేసేవారు. మధ్యాహ్నం వచ్చి, పద్దులు తిరగేసి, మంచి భోజనం చేసి వెళ్ళే పెద్దమనిషి అన్నమాట. ఖర్చు లేని ఆడిట్. దాని విలువ కూడా అంతే.

ఇది రైల్వే వాటాల వెర్రి ముదిరిన కాలం. జనం దాచుకున్న సొమ్ము ముఖమెరగని డైరెక్టర్ల చేతుల్లోకి ప్రవహిస్తోంది. 1845లో లండనులో డెలాయిట్, 1849లో ప్రైస్ తమ కార్యాలయాలు తెరిచారు. తొలి దశాబ్దాలలో ఈ వృత్తివారి రాబడిలో పెద్ద వాటా దివాలా వ్యవహారాలది. అంటే కంపెనీ బతికివుండగా లెక్క చూసినందుకు కన్నా, చచ్చిన తరువాత లెక్క తేల్చినందుకే వాళ్ళకు ఎక్కువ ముట్టేది.

1855లో పరిమిత బాధ్యత చట్టమయింది. కంపెనీ మునిగినా వాటాదారు తన వాటా మేరకే నష్టపోతాడు. ఇంత పెద్ద వరం ఇచ్చేటప్పుడు కాపలా పెంచడం న్యాయం. జరిగింది తలకిందులు. 1856 చట్టం తప్పనిసరి ఆడిట్‌ను తీసేసి దాన్ని కంపెనీల ఇష్టానికి వదిలింది. లెక్కలు యజమానికీ వాటాదారుకూ మధ్య సొంత వ్యవహారమనీ, ప్రభుత్వానికి అందులో పనిలేదనీ ఆనాటి సిద్ధాంతం. 1878లో సిటీ ఆఫ్ గ్లాస్గో బాంకు కూలి, దాని డైరెక్టర్లు ఏళ్ళ తరబడి తప్పుడు పట్టీలు రాస్తున్నారని బయటపడింది. ఆ బాంకు వాటాదారులకు పరిమిత బాధ్యత లేదు. అప్పులన్నీ వాళ్ళ నెత్తినపడ్డాయి. ఎన్నో మధ్యతరగతి కుటుంబాలు వీధిన పడ్డ మరుసటి ఏడు, 1879లో, పరిమిత బాధ్యతతో నమోదయ్యే బాంకులకు ఆడిట్ తప్పనిసరి అయింది. తక్కిన కంపెనీలన్నిటికీ అది 1900లో వచ్చింది. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయంటారు మనవాళ్ళు. ఇక్కడ యాభై ఏళ్ళు పట్టింది.

కుక్క ప్రస్తావన నేను తెచ్చింది కాదు. 1896లో కింగ్‌స్టన్ కాటన్ మిల్లు కేసులో ఇంగ్లీషు న్యాయమూర్తి ఒకరు, ఆడిటరు కావలికుక్క గాని వేటకుక్క కాదని తీర్పు చెప్పారు. ఆ మిల్లు మేనేజరు సరుకు నిల్వ లేనిది వున్నట్టు ఏళ్ళ తరబడి సర్టిఫికెట్టు ఇచ్చాడు. ఆడిటర్లు దాన్ని నమ్మి సంతకం పెట్టారు. అనుమానించే కారణం లేనప్పుడు సరుకు లెక్కపెట్టడం ఆడిటరు బాధ్యత కాదని కోర్టు తేల్చింది. కామర్సు విద్యార్థులంతా ఈ కేసును బట్టీపడతారు గాని, దానిలోని ఆర్థిక సారాంశాన్ని గమనించరు. కోర్టు ఆ రోజు ఆడిటరు పనికి ఒక హద్దు గీసింది. హద్దు గీసిన చోట ఖర్చు కూడా ఆగింది. బస్తాలు లెక్కపెట్టనక్కరలేని ఆడిట్ చవక.

1900 చట్టం ఇంకొక ఏర్పాటును స్థిరపరచింది. ఆడిటరును నియమించేది వాటాదారుల సమావేశం, జీతం నిర్ణయించేదీ అదే. కాగితం మీద ఇది ప్రజాస్వామ్యం. ఆచరణలో సమావేశం మెజారిటీ వాటాలది, ఆ వాటాలు యాజమాన్యానివి. మన దేశంలో 1913 కంపెనీల చట్టం ఈ ఏర్పాటునే దిగుమతి చేసుకుంది. మా ఊరి మిల్లులో ఎత్తిన చేతులు ఆ చట్టం ఎత్తించినవే.

3

అమెరికాలో ఈ ఏర్పాటు మారిపోయే క్షణం ఒకటి వచ్చింది. 1929లో వాటాల బజారు కూలింది. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం సెక్యూరిటీల చట్టం తెస్తూ, ప్రజలకు వాటాలు అమ్మే కంపెనీల లెక్కలను బయటివాళ్ళు తనిఖీ చెయ్యాలన్నది. ఎవరు తనిఖీ చెయ్యాలి? ప్రభుత్వ ఉద్యోగులే ఎందుకు చెయ్యకూడదన్న ప్రశ్న సెనేట్ కమిటీలో బాహాటంగా వచ్చింది. అకౌంటెంట్ల వృత్తి సంఘం తరఫున సాక్ష్యం చెప్పిన ఆర్థర్ కార్టర్ ఆ పని తమ వృత్తికే అప్పగించాలని వాదించాడు. మీరు కంపెనీలను తనిఖీ చేస్తే, మిమ్మల్ని తనిఖీ చేసేదెవరని సెనేటర్ బార్‌క్లీ అడిగాడు. మా అంతరాత్మ అన్నాడు కార్టర్.

కార్టర్ వాదనే నెగ్గింది. చట్టం బజారును సృష్టించింది, సరుకును తప్పనిసరి చేసింది, అమ్మకాన్ని ప్రైవేటు సంస్థలకు అప్పగించింది. కొనేవాడు ఎవరు? తనిఖీకి గురికావలసిన కంపెనీయే. సరుకు వాడుకునేది మాత్రం మదుపుదారు, రుణదాత, కార్మికుడు, ప్రభుత్వం. వాడేవాడు ఒకడు, కొనేవాడు ఇంకొకడు అయిన బజారులో కొనేవాడికి కావలసింది నాణ్యం కాదు, రసీదు.

ఆరేళ్ళు తిరగకుండానే మెకెస్సన్ అండ్ రాబిన్స్ అనే మందుల కంపెనీ కుంభకోణం బయటపడింది. అది 1938. చూపించిన ఆస్తులు 8 కోట్ల 70 లక్షల డాలర్లు. అందులో సుమారు 2 కోట్లు ఎక్కడా లేవు. కెనడాలో వున్నట్టు రాసిన గోడౌన్లు లేవు, సరుకు లేదు, బాకీదారులు లేరు. పేరు మార్చుకున్న ఒక పాత నేరస్థుడు ఆ కంపెనీకి అధ్యక్షుడు. ఆడిటర్లయిన ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థ తాను పుచ్చుకున్న 5 లక్షల డాలర్లకు పైబడిన ఫీజును తిరిగి ఇచ్చేసింది. మరుసటి ఏడు, సరుకు నిల్వను లెక్కపెట్టేటప్పుడు ఆడిటరు స్వయంగా చూడాలనీ, బాకీదారులకు నేరుగా ఉత్తరం రాసి నిర్ధారించుకోవాలనీ వృత్తిసంఘం నియమం చేసింది. కింగ్‌స్టన్ కేసు గీసిన హద్దు నలభై మూడేళ్ళకు చెరిగింది. ఆడిట్ గంటలు పెరిగాయి, ఫీజులు పెరిగాయి.

ఈ పెరుగుదల న్యాయమైనదని నా అభిప్రాయం. ఖర్చు పెరిగిందనే ఫిర్యాదు విన్నప్పుడు మనం మొదట అడగవలసింది, అంతకుముందు ఏ పని చెయ్యకుండా ఫీజు పుచ్చుకుంటున్నారు అని. లేని సరుకును చూడకుండా సంతకం పెట్టిన ఆడిట్ చవకది కాదు. దాని ఖరీదును వేరెవరో చెల్లించారు.

4

ఫీజు ఎలా నిర్ణయమవుతుంది? 1980లో సిమునిక్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు దీన్ని మొదటిసారి పద్ధతిగా లెక్కగట్టాడు. కంపెనీ ఎంత పెద్దది, దాని వ్యవహారాలు ఎంత చిక్కువి, రేపు కూలితే ఆడిటరు మీద పడే దావా ఎంత అనేవి ఫీజును నిర్ణయిస్తాయని తేల్చాడు. అంటే ఫీజులో రెండు పాళ్ళున్నాయి. ఒకటి శ్రమకు వెల, రెండోది భయానికి వెల. చట్టం బిగిసినప్పుడు రెండూ పెరుగుతాయి. చెయ్యవలసిన పని పెరుగుతుంది కనుక గంటలు పెరుగుతాయి. తప్పు చేస్తే శిక్ష పెరుగుతుంది కనుక ప్రతి గంటకూ రేటు పెరుగుతుంది. ఈ రెండోపాలుకు ఎదురుగా కొత్త పని ఏమీ వుండనక్కరలేదు. అది ఆడిటరు తనకు తాను రాయించుకున్న బీమా వంటిది.

1972లో అమెరికాలో, ఫీజుల మీద పోటీ టెండర్లు వెయ్యరాదన్న వృత్తిసంఘ నిషేధం ప్రభుత్వ ఒత్తిడితో ఎత్తివేయబడింది. పోటీ పెరిగి ఫీజులు దిగాయి. చట్టం కోరే పని మాత్రం తగ్గలేదు. మరి ఆ నష్టాన్ని సంస్థలు ఎక్కడ పూడ్చుకున్నాయి? సలహా వ్యాపారంలో. ఆడిట్ పేరుతో గుమ్మం దాటి, లోపలికి వెళ్ళాక పన్నుల సలహా, కంప్యూటరు వ్యవస్థల సలహా అమ్మడం మొదలుపెట్టాయి. ఎన్రాన్ కంపెనీ 2000లో ఆర్థర్ ఆండర్సన్ సంస్థకు ఆడిట్ కింద 2 కోట్ల 50 లక్షల డాలర్లు, ఇతర సేవల కింద 2 కోట్ల 70 లక్షలు చెల్లించింది. ఒక చేత్తో లెక్కలు ఎలా రాయాలో చెప్పి, రెండో చేత్తో అవి సరిగా వున్నాయని సంతకం పెట్టడం! కంచే చేను మేసిందంటే ఇంతకన్నా ఏం చెప్పాలి?

2001 డిసెంబరులో ఎన్రాన్ దివాలా తీసింది. 2002 జూలైలో వరల్డ్‌కాం తీసింది. ఎన్రాన్ ఉద్యోగులు వృద్ధాప్యం కోసం దాచుకున్న నిధులలో అత్యధిక భాగం ఆ కంపెనీ వాటాలలోనే వుండి ఆవిరైపోయింది. ఆర్థర్ ఆండర్సన్ కుప్పకూలింది. 2002లో దానికి పడిన శిక్షను 2005లో సుప్రీంకోర్టు కొట్టేసింది గాని, అప్పటికి సంస్థే లేదు. ఒకనాడు ఎనిమిది పెద్ద ఆడిట్ సంస్థలుండేవి. అవి ఆరయి, అయిదయి, నాలుగయ్యాయి.

5

2002 జూలై 30న సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం వచ్చింది. ఆడిటర్ల మీద ఒక పర్యవేక్షక మండలిని పెట్టింది. కార్టర్ చెప్పిన అంతరాత్మకు డెబ్బయ్యేళ్ళ తరువాత పై అధికారి వచ్చాడు. ఆడిట్ చేసే సంస్థ అదే కంపెనీకి అనేక ఇతర సేవలు అమ్మడాన్ని నిషేధించింది. అన్నిటికన్నా చర్చకెక్కింది 404వ సెక్షను. దాని ప్రకారం లెక్కలు సరిగా వుంటే చాలదు. లెక్కలు సరిగా వచ్చేటట్టు కంపెనీ లోపల వున్న కట్టుబాట్లు పనిచేస్తున్నాయని యాజమాన్యం ప్రకటించాలి, ఆ కట్టుబాట్లను ఆడిటరు కూడా పరీక్షించి చెప్పాలి.

యాజమాన్యానికి ఈ పని కంపెనీ ఒక్కింటికి సగటున ఏటా 91 వేల డాలర్లవుతుందని 2003లో ప్రభుత్వ సంస్థ అంచనా వేసింది. ఆడిటరు ఫీజును అందులో కలపలేదు. 2005లో పెద్ద కంపెనీల ఆర్థికాధికారుల సంఘం 217 కంపెనీలను అడిగితే, అన్నీ కలిపి మొదటి ఏడాది ఖర్చు సగటున 43 లక్షల 60 వేల డాలర్లని తేలింది. పెద్ద కంపెనీలు తమ ఖర్చును తామే చెప్పిన లెక్క ఇది. కొంత పెంచి చెప్పాయనుకున్నా, అంచనాకూ అనుభవానికీ మధ్య వున్న దూరం చిన్నది కాదు.

ఎందుకిలా అయింది? చట్టం ఏం చూడాలో చెప్పింది గాని, ఎంత చూస్తే చాలునో చెప్పలేదు. ఆండర్సన్ గతి కళ్ళారా చూసిన ఆడిటర్లు భయంతో ప్రతిదీ చూశారు. పెట్టె తాళం దగ్గర నుంచి టీ ఖర్చుల ఓచరుదాకా పత్రాలు తయారయ్యాయి. మరోవైపు పెద్ద సంస్థలు నాలుగే మిగిలాయి కనుక వాళ్ళు చెప్పిందే రేటు. చట్టం గిరాకీని పెంచిన ఏడాదే బజారు సరఫరాదారులను తగ్గించింది.

ఆ భారం ఎవరి మీద ఎంత పడిందో అమెరికా పార్లమెంటు తరఫు తనిఖీ సంస్థ 2006లో లెక్కతీసింది. ఈ ఒక్క లెక్కను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. వాటాల బజారు విలువ 100 కోట్ల డాలర్లకు మించిన కంపెనీ, ప్రతి 100 డాలర్ల రాబడిలో ఆడిట్ ఫీజుకు ఇచ్చింది మధ్యస్థంగా 13 సెంట్లు. విలువ 7 కోట్ల 50 లక్షలకు మించని చిన్న కంపెనీ ఇచ్చింది 1 డాలరు 14 సెంట్లు. అంటే దాదాపు తొమ్మిది రెట్లు. ఎన్రాన్, వరల్డ్‌కాం మహాకాయాలు. వాటి పాపానికి వచ్చిన చట్టం బరువును పీల్చిపారేసిన చిన్న కంపెనీ ఎక్కువగా మోసింది.

తరువాతి చరిత్ర సడలింపుల చరిత్ర. 2007లో ఆడిట్ ప్రమాణాన్ని మార్చి, ప్రమాదం వున్న చోటనే ఎక్కువ చూడమన్నారు. 2010లో చిన్న కంపెనీలకు ఆడిటరు పరీక్షను శాశ్వతంగా మినహాయించారు. 2012లో కొత్తగా బజారుకెక్కే కంపెనీలకు అయిదేళ్ళదాకా మినహాయింపు ఇచ్చారు. 2020లో రాబడి 10 కోట్ల డాలర్లకు తక్కువ వున్న మరికొన్నిటికి ఇచ్చారు. చిన్నవాళ్ళ కష్టం నిజమే. అయితే 2013లో అదే తనిఖీ సంస్థ, మినహాయింపు పొందిన కంపెనీలు పొందనివాటికన్నా ఎక్కువగా తమ పాత లెక్కలను దిద్దుకోవలసి వచ్చిందని నివేదించింది. ఖర్చు తగ్గింది. తప్పు పెరిగింది. ఈ రెండింటినీ కలిపి చెప్పకుండా ఒక్కదాన్నే చెప్పేవాడు ఎవరి వకీలో పాఠకులు గ్రహించగలరు.

6

ఇక మన ఇంటికి వద్దాం. 1987లో హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్ 2001లో న్యూయార్కు బజారులో నమోదయింది. కనుక సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం దానికీ వర్తించింది. ఎన్రాన్ తరువాత వచ్చిన ఖరీదైన తనిఖీ మన హైదరాబాదు కంపెనీ మీద కూడా జరిగింది. ఆ కంపెనీ ఆడిటర్లకు చెల్లించే ఫీజు సాటి కంపెనీల ఫీజుకన్నా బాగా ఎక్కువని తరువాత చాలామంది ఎత్తిచూపారు. 2008 సెప్టెంబరులో మంచి పరిపాలనకు అంతర్జాతీయ బహుమానం కూడా వచ్చింది. నా తరగతిలో నేనూ దాన్ని ఆదర్శంగా చెప్పాను. ఆ సంగతి దాచను.

2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు ఉత్తరం రాశాడు. ఖాతాలలో నగదు, బాంకు నిల్వ 5,361 కోట్ల రూపాయలని వుంది. అందులో 5,040 కోట్లు లేవు. యాభై వేల పైచిలుకు ఉద్యోగులు ఆ రోజు టెలివిజన్ ముందు కూర్చుని రేపటి ఉద్యోగం గురించి ఆలోచించారు. అందులో నా పాత విద్యార్థులు కొందరున్నారు. ఒకడు ఫోనులో, "మాస్టారూ, ఆడిటరు చూడలేదా?" అని అడిగాడు.

చూశాడు. వేల గంటలు చూశాడు. 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు ప్రైస్ వాటర్‌హౌస్ భారత శాఖల మీద 75 లక్షల డాలర్ల జరిమానా వేస్తూ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాయి. నిల్వ ఎంతో తెలపమని బాంకులకు రాసిన ఉత్తరాల పంపకాన్నీ, జవాబుల రాకనూ ఆడిటర్లు తమ అదుపులో వుంచుకోకుండా కంపెనీకే వదిలేశారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు కోర్టు శిక్ష వేసిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు. వాళ్ళంతా అప్పీలు చేసుకున్నారు.

ఆ వార్త చదివిన రోజున నాకు ముప్పై ఏళ్ళ కిందటి తపాలా పెట్టె గుర్తొచ్చింది. కోట్ల రూపాయల ఫీజు, ప్రపంచంలోకెల్లా కఠినమైన చట్టం, గదుల నిండా పత్రాలు. అన్నీ కలిసి, ఒక ఆర్టికల్డ్ క్లార్కు ఒక బిళ్ళ ఖర్చుతో చేసే పనిని చెయ్యలేకపోయాయి. 2020లో జర్మనీలో వైర్‌కార్డ్ కంపెనీ కూలినప్పుడు కూడా ఇదే కథ. ఫిలిప్పీన్స్ బాంకులలో వుందన్న 190 కోట్ల యూరోలు లేనే లేవు.

ఇక్కడే నా వాదన సారమంతా వుంది. చట్టం ఆడిట్ గంటలను కొనగలదు. ఆ గంటలు ఏ వైపు తిరిగి చూడాలో నిర్ణయించే ధైర్యాన్ని కొనలేదు. జీతం ఎవరు ఇస్తున్నారో, మరుసటి ఏడు పని ఎవరు ఇస్తారో, ఆ ముఖం వైపు చూడకుండా మిగతా అన్ని వైపులా చూడడం ఆడిటరుకు సులభం. పెరిగిన ఖర్చులో పెద్ద భాగం ఈ మిగతా వైపుల మీదనే ఖర్చయింది.

7

మన దేశంలో చట్టం నిద్రపోయిందని అనలేం. 1949లో చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, 1956లో కంపెనీల చట్టం వచ్చాయి. దాల్మియా-జైన్ కంపెనీల వ్యవహారాల మీద వివియన్ బోస్ కమిషన్ నివేదిక వచ్చాక, 1965 సవరణ కొన్ని పరిశ్రమలకు ఉత్పత్తి ఖర్చుల తనిఖీని కూడా చేర్చింది. సత్యం తరువాత 2013 చట్టం వచ్చింది. బజారులో నమోదయిన కంపెనీ ఒకే ఆడిట్ సంస్థను పదేళ్ళకు మించి వుంచుకోరాదు. ఆడిటరు కొన్ని ఇతర సేవలు అమ్మరాదు. లోపలి ఆర్థిక కట్టుబాట్ల మీద ఆడిటరు అభిప్రాయం చెప్పాలి. ఇది 404వ సెక్షనుకు తమ్ముడే. 2017లో చిన్న ప్రైవేటు కంపెనీలకు దీన్ని మినహాయించారు. 2018 అక్టోబరులో జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ ఏర్పడింది.

లెక్కలు రాసే పద్ధతి మారినా ఖర్చు పెరుగుతుంది. 2005లో ఆస్ట్రేలియా అంతర్జాతీయ ప్రమాణాలకు మారిన ఏడాది ఆడిట్ ఖర్చు సగటున 23 శాతం పెరిగిందనీ, చిన్న కంపెనీలకు ఇంకా ఎక్కువ భారమయిందనీ 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన చెప్పింది. మన దేశం 2016-17 నుంచి దశలవారీగా ఆ ప్రమాణాలకు దగ్గరగా జరిగింది. ఆ అనుభవం మనకూ పాఠం.

ఈ సంస్కరణలలో మేలు లేదనను. లోపలి కట్టుబాట్లు చూడమన్నది మంచిదే. ఆడిటరును మార్చమన్నది మంచిదే. కాని పదేళ్ళకొకసారి కావలివాణ్ణి మార్చినా, కొత్తవాడికి జీతమిచ్చే చెయ్యి మారలేదు. మా ఊరి మిల్లులో ఆ మార్పు పదేళ్ళు ఆగలేదు. మూడేళ్ళకే జరిగింది, ఎందుకు జరిగిందో ఊరందరికీ తెలుసు.

మార్గం లేదా? వుంది, అది మనం ఎరగనిదీ కాదు. ప్రభుత్వ కంపెనీల ఆడిటరును నియమించేది కంపెనీ కాదు, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. ఆ పద్ధతిలో లోపాలు లేవనను. నివేదికలు ఆలస్యంగా వస్తాయి, వచ్చాక చట్టసభల బల్లల మీద దుమ్ము పడుతుంది. కాని నిజం రాసినందుకు ఆ ఆడిటరును బావమరుదులు చేతులెత్తి తీసెయ్యలేరు. అమెరికాలో ఆడిటర్ల మీది పర్యవేక్షక మండలి ఖర్చును 2002 చట్టం ప్రకారం కంపెనీల మీద వాటి బజారు విలువను బట్టి విధించే రుసుముతో నడుపుతున్నారు. పర్యవేక్షకుడికి జీతం ఉమ్మడి నిధి నుంచి ఇవ్వగలిగినప్పుడు, ఆడిటరుకు మాత్రం ఎందుకు ఇవ్వలేం? పెద్దకంపెనీ పెద్ద రుసుము కడుతుంది, చిన్నకంపెనీ చిన్న రుసుము కడుతుంది. నియామకం కంపెనీ చేతిలో వుండదు. 13 సెంట్లకూ 1 డాలరు 14 సెంట్లకూ మధ్య వున్న అన్యాయం కూడా అప్పుడు తగ్గుతుంది.

ఈ ప్రతిపాదనకు ఎదురుచెప్పేవాళ్ళు ఖర్చు మాటే ఎత్తుతారు. ఖర్చు ఇప్పుడూ వుంది. గ్లాస్గోలో వాటాదారులు కట్టారు, ఎన్రాన్‌లో ముసలి ఉద్యోగులు కట్టారు. అది ఆడిట్ ఫీజు అనే పద్దు కింద మాత్రం రాయలేదు.

మా ఆడిటరుగారు ఆ మిల్లు పోయాక మరి పెద్ద కంపెనీల ఆడిట్ సంపాదించలేదు. సహకార సంఘాల లెక్కలూ, కిరాణా కొట్ల ఆదాయపు పన్ను కాగితాలూ చూసుకుంటూ గడిపారు. మిల్లు తరువాత నాలుగేళ్ళు నడిచి మూతబడింది. బాంకు గోడౌన్‌కు తాళం వేసిన రోజున, జీతాల బాకీ రావలసిన హమాలీలు గేటు ముందు నిలబడ్డారు. లోపల ఎన్ని బస్తాలున్నాయో వాళ్ళకు ముందే తెలుసు. మోసింది వాళ్ళే. వాళ్ళను ఏ ఆడిటరూ ఎన్నడూ అడగలేదు. నేనూ అడగలేదు.